ఆపరేషన్‌కు ముందే తేలాల్సిన సంగతులు: కాలేయం, పైత్యరస నాళాలు

కాలేయం కుడివైపు పక్కటెముకల చాటున ఉంటుంది. పెద్దవాళ్లలో దాని బరువు కిలోన్నర దాకా ఉంటుంది. రోజుకు అర లీటరు నుంచి లీటరు వరకు పైత్యరసాన్ని తయారు చేస్తుంది. తిన్న కొవ్వు అరగాలంటే ఈ రసం కావాలి. కాలం చెల్లిన ఎర్ర రక్తకణాల నుంచి పుట్టే బిలిరుబిన్ అనే పచ్చటి పదార్థం ఒంట్లోంచి బయటికి పోవాలన్నా ఇదే దారి. కాలేయ కణాల మధ్య కంటికి కనిపించనంత సన్నటి గొట్టాల్లో మొదలైన పైత్యరసం, పిల్లకాలువలు కలిసి పెద్దకాలువ అయినట్టు, చివరికి కుడి నాళం, ఎడమ నాళం అనే రెండింటిలోకి చేరుతుంది. ఆ రెండూ కాలేయం అడుగున కలిసి ఒక్కటవుతాయి. కొంచెం కిందికి వచ్చాక పిత్తాశయం నుంచి వచ్చే చిన్న నాళం పక్కనుంచి వచ్చి అందులో కలుస్తుంది. అక్కణ్నుంచి కిందికి దిగేదే ప్రధాన పైత్యరస నాళం. రిపోర్టుల్లో దాన్ని సీబీడీ అని రాస్తారు. దాని వెడల్పు మామూలుగా 6 మిల్లీమీటర్లు మించదు. చిన్నపేగు మొదటి భాగం వెనకగా దిగి, క్లోమగ్రంథి తలలోంచి దూరి, క్లోమరసం తెచ్చే నాళంతో కలిసి పేగులోకి తెరుచుకుంటుంది.

పిత్తాశయం, అంటే గాల్ బ్లాడర్, ఈ దారిలో పక్కన ఉండే చిన్న తిత్తి. 30 నుంచి 50 మిల్లీలీటర్ల రసాన్ని పట్టి, చిక్కబరిచి, నూనె వస్తువులు తిన్నప్పుడు పేగులోకి వదులుతుంది. దాన్ని తీసేసినా పైత్యరసం ఆగదు, నేరుగా పేగులోకి కారుతూనే ఉంటుంది. ప్రధాన నాళం సంగతి అలా కాదు. అది ఒక్కటే ఉంటుంది. దానికి బదులు మరొకటి లేదు. మూసుకుపోతే రసమంతా వెనక్కి కాలేయంలోకే ఎగదన్నుతుంది, తెగిపోతే కడుపులోకి కారుతుంది.

ఈ భాగంలో చేసే ఆపరేషన్ల ఫలితం చాలావరకు రోగి థియేటర్‌లోకి వెళ్లకముందే నిర్ణయమైపోతుంది. అడ్డు ఎక్కడుంది, ఆ అడ్డు ఏమిటి, నాళంలో చీము పట్టిందా, కాలేయానికి ఎంత బలం మిగిలింది అన్న నాలుగు సంగతులూ ముందు తేలాలి. ఎంత చెయ్యి తిరిగిన సర్జన్ అయినా ఇవి తేలకుండా కత్తి పడితే, అప్పటిదాకా తెలియని విషయాలు కడుపు తెరిచాక బయటపడతాయి. అప్పుడు వాటిని సరిదిద్దుకునే వ్యవధి ఉండదు.

కామెర్లు ఏ రకం?

రక్తంలో బిలిరుబిన్ మామూలుగా డెసీలీటరుకు ఒక మిల్లీగ్రాముకు అటూ ఇటూగా ఉంటుంది. రెండున్నర, మూడు దాటితే కంటి తెల్లగుడ్డు పచ్చబడుతుంది. పచ్చకామెర్లు అన్నా, పసిరికలు అన్నా అది జబ్బు కాదు, జబ్బు లక్షణం. ఎర్ర రక్తకణాలు అతిగా చితికిపోయినా, కాలేయ కణాలు దెబ్బతిన్నా, కాలేయం బాగానే ఉండి రసం దిగే దారి మూసుకుపోయినా కళ్లు ఒకేలా పచ్చబడతాయి. మొదటి రెండింటికీ ప్రధానంగా మందులతో చికిత్స జరుగుతుంది. మూడోదానికి అడ్డు తొలగించాలి. డాక్టర్లు దీన్ని అబ్‌స్ట్రక్టివ్ జాండిస్ అంటారు.

దారి మూసుకుపోయిన కామెర్లలో మలం రంగు మారుతుంది. మలానికి ఆ రంగునిచ్చేది పైత్యరసమే కాబట్టి, అది పేగులోకి రాకపోతే మలం పాలిపోయి తెల్లమట్టి రంగుకు తిరుగుతుంది. అదే సమయంలో మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తుంది. ఒళ్లంతా దురద పెడుతుంది. అరచేతుల్లో, అరికాళ్లలో మరీ ఎక్కువ, రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వదు. ఈ మూడింటినీ ఇంట్లోవాళ్లే గమనించవచ్చు, గమనించి డాక్టరుకు చెప్పాలి. సిగ్గుపడి మలం రంగు సంగతి దాచేవాళ్లు చాలామంది. కానీ రోగనిర్ధారణలో ఆ ఒక్క మాటకు స్కాన్‌కు ఉన్నంత విలువ ఉంది.

ఎల్‌ఎఫ్‌టీ అనే రక్తపరీక్ష కాగితం ఇదే సంగతిని అంకెల్లో చెబుతుంది. ఉదాహరణకు ఇద్దరికీ బిలిరుబిన్ 9 ఉందనుకుందాం. మొదటివారి కాగితంలో ఎస్‌జీపీటీ 1800, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 180. రెండోవారికి ఎస్‌జీపీటీ 90, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 700, జీజీటీ 500, బిలిరుబిన్‌లో 7 వరకు డైరెక్ట్ రకం. ఎస్‌జీపీటీ కాలేయ కణాల లోపల ఉండే ఎంజైమ్. కణం పగిలితే రక్తంలోకి వస్తుంది. కాబట్టి మొదటివారిది వైరస్ వల్లో మందుల వల్లో వచ్చిన హెపటైటిస్ అయ్యే అవకాశం ఎక్కువ. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, జీజీటీ నాళాల గోడల నుంచి వస్తాయి, అడ్డు పడితే పెరుగుతాయి. రెండోవారికి దారి మూసుకుపోయి ఉండే అవకాశం ఎక్కువ. ఇందులో ఒక మెలిక ఉంది. రాయి ఉన్నట్టుండి నాళంలో ఇరుక్కుంటే మొదటి ఒకటి రెండు రోజులు ఎస్‌జీపీటీ కూడా వందల్లోకి ఎగబాకి, తర్వాత చకచకా దిగిపోతుంది. అందుకే ఒక్క కాగితం చూసి తీర్పు చెప్పరు. రెండు మూడు రోజుల తేడాతో తీసిన కాగితాలను పక్కపక్కన పెట్టి చూస్తారు.

మన దగ్గర కామెర్లు అనగానే పసరు గుర్తుకొస్తుంది. నేల ఉసిరి రసం తాగించడం, కొన్నిచోట్ల చేతి మీద వాత పెట్టించడం ఇప్పటికీ ఉంది. కలుషిత నీటి వల్ల వచ్చే హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. ఆ సమయంలో ఏది ఇచ్చినా దానికే పేరొస్తుంది. అదే పసరు రాయి ఉన్న మనిషికో, క్లోమం తలలో గడ్డ ఉన్న మనిషికో ఇస్తే రెండు నెలలు గడిచిపోతాయి. ఆపరేషన్‌తో తీసేయగలిగిన గడ్డ పక్కనున్న రక్తనాళాలను చుట్టేసుకోవడానికి ఆ రెండు నెలలు చాలు. నమ్మకాన్ని తప్పుపట్టి లాభం లేదు. కామెర్లు కనిపించిన వారంలోనే ఒక ఎల్‌ఎఫ్‌టీ, ఒక కడుపు అల్ట్రాసౌండ్ చేయించుకుంటే అది ఏ రకమో దాదాపు తేలిపోతుంది. ఈ రెండు పరీక్షలూ చిన్న పట్టణాల్లో కూడా దొరుకుతున్నాయి.

పసిపిల్లల్లో గడువు ఇంకా తక్కువ. పుట్టిన బిడ్డకు మొదటి వారంలో వచ్చే పసుపు చాలావరకు మామూలుదే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, పైగా మలం తెల్లగా వస్తుంటే, బిలియరీ అట్రీషియా అయి ఉండవచ్చు. అంటే కాలేయం బయట పైత్యరస నాళాలు మూసుకుపోయి ఉండటం. దీనికి జపాన్ సర్జన్ మోరియో కసాయ్ 1950లలో రూపొందించిన ఆపరేషన్ ఉంది. పనికిరాని నాళాన్ని తీసేసి పేగును నేరుగా కాలేయానికి కలుపుతారు. బిడ్డకు 60 రోజులు నిండకముందు చేస్తే ఫలితం బాగుంటుంది. ఆలస్యమయ్యేకొద్దీ కాలేయం గట్టిపడిపోయి మార్పిడి తప్ప దారి ఉండదు. ఎండలో పడుకోబెడితే తగ్గిపోతుందని నెలలు గడిపేస్తే ఆ 60 రోజులూ దాటిపోతాయి.

అడ్డు ఎక్కడ, అడ్డు ఏమిటి

నాళంలో అడ్డుకు ఎక్కువగా కనిపించే కారణం రాయి. పిత్తాశయంలో పుట్టిన రాళ్లు చిన్న నాళం గుండా జారి ప్రధాన నాళంలో పడతాయి. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లలో నూటికి పదిమందికి, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువమందికి, ప్రధాన నాళంలోనూ రాళ్లుంటాయి. ఇది తెలియకుండా పిత్తాశయం ఒక్కదాన్నే తీసేస్తే, ఇంటికెళ్లిన కొన్నాళ్లకు కామెర్లు, చలిజ్వరం, లేదంటే క్లోమం వాపుతో మళ్లీ ఆస్పత్రికి రావాల్సి వస్తుంది.

రాయి ఇరుక్కుంటే సాధారణంగా నొప్పి ఉంటుంది. కడుపు పైభాగంలో, కుడివైపు, ఉండి ఉండి వీపులోకి పాకే నొప్పి. కామెర్లు పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. నొప్పి లేకుండా, రోజురోజుకూ పెరుగుతూ, బరువు తగ్గుతూ వచ్చే కామెర్లు అంతకంటే భయపడాల్సినవి. క్లోమం తలలో గానీ, నాళంలోనే గానీ, అది పేగులోకి తెరుచుకునే చోట గానీ కాన్సర్ గడ్డ ఉన్నప్పుడు ఇలా వస్తాయి. 1890లోనే స్విస్ సర్జన్ లుడ్విగ్ కూర్వాజియే ఒక తేడాను గమనించాడు. రాళ్ల వల్ల అడ్డు పడితే పిత్తాశయం అప్పటికే వాచి వాచి ముడుచుకుపోయి ఉంటుంది కాబట్టి చేతికి తగలడం అరుదు. కామెర్లతో పాటు పిత్తాశయం నొప్పి లేకుండా ఉబ్బి చేతికి తగిలితే అడ్డు రాయి కాకపోవచ్చు. ఇన్ని స్కాన్లు వచ్చిన తర్వాత కూడా అనుభవమున్న డాక్టరు కడుపు తడిమి చూడటం ఇందుకే. కుడి, ఎడమ నాళాలు కలిసేచోట వచ్చే గడ్డలను, 1965లో వాటిని వివరించిన డాక్టరు పేరిట క్లాట్‌స్కిన్ ట్యూమర్లు అంటారు. చిన్నగా ఉన్నప్పుడే దారి మూసేస్తాయి, తీయడం మాత్రం కష్టం, కాలేయంలో పెద్ద భాగాన్ని కూడా తీయాల్సి వస్తుంది.

కాన్సర్‌లా కనిపించి కాన్సర్ కానివి కూడా ఉన్నాయి. ఐజీజీ4 అనే యాంటీబాడీకి సంబంధించిన ఒక వాపు జబ్బులో నాళం సన్నబడి, క్లోమం ఉబ్బి, స్కాన్‌లో గడ్డలా కనిపిస్తుంది. అది స్టెరాయిడ్ మాత్రలతో తగ్గుతుంది. పాత ఆపరేషన్ల వల్ల నాళం ముడుచుకుపోవడం, పుట్టుకతోనే నాళం తిత్తిలా ఉబ్బి ఉండటం, కాలేయంలోని హైడాటిడ్ అనే పరాన్నజీవి తిత్తి పగిలి నాళంలోకి రావడం, నులిపురుగుల జాతికి చెందిన ఏలికపాము నాళంలోకి దూరడం కూడా ఉంటాయి. చివరిది కశ్మీర్ లోయలో ఎక్కువగా చూశారు.

అడ్డు ఉన్నచోటును కనిపెట్టడానికి మొదటి పరీక్ష అల్ట్రాసౌండ్. పిత్తాశయంలో రాళ్లను అది బాగా పట్టేస్తుంది. నాళాలు ఉబ్బాయో లేదో కూడా చెబుతుంది. నాళం కింది చివర మాత్రం పేగులోని గాలి అడ్డొచ్చి సరిగా కనిపించదు, అక్కడున్న రాళ్లు తరచూ తప్పిపోతాయి. అందుకని అల్ట్రాసౌండ్‌లో రాయి లేదని రాసినంత మాత్రాన లేనట్టు కాదు. తర్వాతిది ఎంఆర్‌సీపీ. ఇది ఎంఆర్ఐ యంత్రంతోనే చేస్తారు. నాళాల్లో కదలకుండా ఉన్న ద్రవం తెల్లగా వెలుగుతూ కనిపిస్తుంది, చుట్టూ ఉన్నదంతా నల్లగా ఉంటుంది. ఆ తెల్లటి గీతలో గుండ్రటి నల్ల మచ్చ ఉంటే రాయి. గీత ఉన్నట్టుండి తెగిపోతే, తెగిన అంచు గరుకుగా ఉంటే, గడ్డ కావచ్చు. సూది, మందు ఏమీ లేకుండా పావుగంట, అరగంటలో అయిపోతుంది. మూడు నాలుగు మిల్లీమీటర్ల లోపు రాళ్లు ఇందులోనూ తప్పిపోవచ్చు. వాటికి గొట్టం చివర అల్ట్రాసౌండ్ ఉన్న ఎండోస్కోపీ మెరుగు. గడ్డ అనుమానం ఉంటే పక్క రక్తనాళాలు అంటుకున్నాయా, కాలేయంలోకి పాకిందా చూడటానికి మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్ కావాలి. వీలైతే సీటీ, ఎంఆర్‌సీపీ రెండూ, నాళాన్ని తెరిచి ఉంచే స్టెంట్ అనే సన్నటి గొట్టం వేయకముందే తీయాలి. స్టెంట్ పడ్డాక నాళం ముడుచుకుపోతుంది, చుట్టూ వాపు వస్తుంది, గడ్డ అంచులు సరిగా కనిపించవు. ఈ వరస తప్పడం వల్ల తర్వాత సర్జన్ ఇబ్బంది పడటం చాలాచోట్ల జరుగుతోంది.

సీఏ 19-9 అనే రక్తపరీక్షను చూసి చాలా కుటుంబాలు హడలిపోతాయి. అది కాన్సర్‌లో పెరిగే మాట నిజమే. నాళం మూసుకుపోయినా, చీము పట్టినా, రాయి ఒక్కటే ఉన్నా కూడా అది వందల్లోకి పెరుగుతుంది. అడ్డు తొలగి బిలిరుబిన్ దిగాక మళ్లీ చేస్తే తప్ప దానికి అర్థం చెప్పడం కష్టం. ముక్క పరీక్ష విషయంలోనూ అపోహలున్నాయి. తీసేయడానికి వీలున్న గడ్డ అని స్కాన్‌లో స్పష్టంగా ఉంటే, ముక్క పరీక్ష లేకుండానే ఆపరేషన్‌కు వెళ్లడం తప్పు కాదు. ముందు కీమోథెరపీ ఇవ్వాలనుకున్నప్పుడు మాత్రం అది తప్పనిసరి.

నాళం తెగితే

పైత్యరస నాళాలు అందరిలో ఒకేలా ఉండవు. పుస్తకంలో బొమ్మ వేసినట్టు ఉండేవాళ్లు సగానికి కాస్త ఎక్కువమంది మాత్రమే. కొందరిలో కుడివైపు కాలేయం నుంచి వచ్చే ఒక నాళం బాగా కిందికి దిగి, పిత్తాశయం నాళం పక్కనే కలుస్తుంది. వాపుతో అంతా అతుక్కుపోయి ఉన్నప్పుడు పిత్తాశయం నాళం అనుకుని ఆ నాళాన్నో, ప్రధాన నాళాన్నో కత్తిరించే ప్రమాదం ఉంది. పిత్తాశయాన్ని తీసే తొలి ఆపరేషన్ 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ చేశాడు. లాపరోస్కోపీతో తొలిసారి 1985లో జర్మనీలోనే ఎరిక్ ముహే చేశాడు. లాపరోస్కోపీలో వెయ్యిమందిలో ముగ్గురి నుంచి ఐదుగురికి నాళానికి గాయమవుతుందని లెక్క. చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ ఇంత ఎక్కువగా జరిగే ఆపరేషన్‌లో అది చాలామంది మనుషులు.

ఆ గాయం ఎంత దూరం వెంటాడుతుందో బ్రిటన్ రాజకీయ చరిత్రలో కనిపిస్తుంది. విదేశాంగ మంత్రిగా ఉన్న ఆంథొనీ ఈడెన్‌కు 1953 ఏప్రిల్‌లో లండన్‌లో పిత్తాశయం తీసేటప్పుడు పైత్యరస నాళం దెబ్బతింది. అదే ఊళ్లో మళ్లీ ఆపరేషన్ చేసినా సర్దుకోలేదు. జూన్‌లో బోస్టన్‌కు తీసుకెళితే అక్కడ ఈ పనిలో పేరున్న రిచర్డ్ కాటెల్ నాళాన్ని పేగుకు కలిపి కుట్టాడు. ఈడెన్ 1955లో ప్రధానమంత్రి అయ్యాడు. కానీ నాళంలో చీము పట్టి చలిజ్వరాలు మళ్లీ మళ్లీ వచ్చేవి. 1956 అక్టోబరులో ఈజిప్టు సూయజ్ కాలువ సంక్షోభం ముదురుతున్న రోజుల్లోనే తీవ్రమైన జ్వరంతో పడిపోయాడు. 1957 జనవరిలో అనారోగ్యం కారణంగా చెప్పి పదవి వదిలాడు. సూయజ్‌లో ఆయన నిర్ణయాలపై ఈ జబ్బు ప్రభావం ఎంత అన్నది చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకునే విషయం.

ఇప్పుడు దీనికి రక్షణలున్నాయి. అమెరికన్ సర్జన్ స్టీవెన్ స్ట్రాస్‌బర్గ్ 1995లో ఒక నియమాన్ని ప్రతిపాదించాడు. పిత్తాశయంలోకి వెళ్లేవి రెండే రెండు, ఒక నాళం, ఒక రక్తనాళం, అని చుట్టూ శుభ్రం చేసి కళ్లారా చూశాకే క్లిప్ వేయాలి. అలా కనిపించనప్పుడు పిత్తాశయంలో కొంతభాగం మాత్రం తీసి ఆపేయడం, లేదా కడుపు తెరవడం వైఫల్యం కాదు. ముందే ఎంఆర్‌సీపీ ఉంటే నాళాల అమరిక సర్జన్‌కు తెలిసి ఉంటుంది. నొప్పి లేని మామూలు రాళ్లకు ప్రతివారికీ ఎంఆర్‌సీపీ అవసరం లేదు. ఎల్‌ఎఫ్‌టీ తేడాగా ఉన్నా, నాళం ఉబ్బినా, క్లోమం వాపు వచ్చి తగ్గినా అడిగి చేయించుకోవడం మంచిది.

చీము పడితే ఆగకూడదు

కదలక నిలిచిన పైత్యరసంలో పేగు నుంచి వచ్చిన సూక్ష్మజీవులు పెరుగుతాయి. వణుకుతో కూడిన చలిజ్వరం, కామెర్లు, కుడివైపు నొప్పి ఒక్కసారి కలిసి వస్తే నాళంలో చీము పట్టినట్టు. ఈ మూడింటి కలయికను 1877లో ఫ్రెంచ్ డాక్టరు షార్కో వర్ణించాడు. వీటికి తోడు మాట తడబడినా, మత్తుగా ఉన్నా, రక్తపోటు పడిపోయినా విషం రక్తంలోకి పాకుతున్నట్టు. అది గంటల లెక్కలో చూడాల్సిన అత్యవసరం. మలేరియానో టైఫాయిడో అనుకుని ఇంటి దగ్గరే సెలైన్ పెట్టించుకుంటూ ఉండిపోతే ప్రాణం మీదికొస్తుంది. వయసు మళ్లినవాళ్లలో జ్వరం అంతగా లేకుండా, తిక్కతిక్కగా మాట్లాడటమే మొదటి లక్షణం కావచ్చు.

ఇక్కడ ముందు చేయాల్సింది పెద్ద ఆపరేషన్ కాదు. యాంటీబయాటిక్స్ ఇస్తూ, నిలిచిన రసం బయటికి పోయే దారి చేయాలి. ఈఆర్‌సీపీ అందుకే. నోటి నుంచి ఎండోస్కోపీ గొట్టం వేసి, నాళం పేగులోకి తెరుచుకునే చోటు దాకా వెళ్లి, ఆ మూతిని కొద్దిగా కోసి, రాయి లాగేస్తారు, లేదా సన్నటి స్టెంట్ పెడతారు. 1974లో జపాన్, జర్మనీ డాక్టర్లు మూతిని ఇలా కోసే పద్ధతిని మొదలుపెట్టాక నాళంలో రాళ్ల కోసం కడుపు కోసే అవసరం చాలా తగ్గిపోయింది. హైదరాబాద్‌లో డాక్టర్ డి.నాగేశ్వర్‌రెడ్డి స్థాపించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీకి ఈ రంగంలో దేశవిదేశాల్లో పేరుంది. ఈఆర్‌సీపీలో కూడా ప్రమాదముంది. నూటికి ముగ్గురి నుంచి పదిమందికి తర్వాత క్లోమం వాపు వస్తుంది, ఎక్కువమందిలో అది తేలికగానే తగ్గుతుంది. అందుకే కేవలం చూడటానికి ఈఆర్‌సీపీ చేసే రోజులు పోయాయి. చూడటానికి ఎంఆర్‌సీపీ, పని చేయడానికి ఈఆర్‌సీపీ.

గడ్డ వల్ల కామెర్లు వచ్చినవాళ్లందరికీ ఆపరేషన్‌కు ముందు స్టెంట్ వేసి పసుపు దించాలా అన్నది చాలాకాలం నలిగిన ప్రశ్న. నెదర్లాండ్స్ డాక్టర్లు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, క్లోమం తలలో గడ్డ ఉన్నవాళ్లను రెండు గుంపులు చేశారు. నేరుగా ఆపరేషన్‌కు వెళ్లినవాళ్లలో తీవ్రమైన చిక్కులు నూటికి 39 మందిలో వస్తే, ముందు స్టెంట్ వేసి ఆగినవాళ్లలో 74 మందిలో వచ్చాయి. స్టెంట్ మూసుకుపోవడం, దాని వల్ల చీము పట్టడం అందులో ప్రధానం. బిలిరుబిన్ మరీ ఎక్కువున్నవాళ్లను, అంటే సుమారు 15 దాటినవాళ్లను, అందులో చేర్చుకోలేదు. కాబట్టి చీము లేకుండా, బిలిరుబిన్ మరీ పెరగకుండా, ఆపరేషన్ వారం పది రోజుల్లో జరిగే వీలుంటే స్టెంట్ లేకుండా వెళ్లడమే మేలు. చీము ఉన్నా, ముందు కీమో ఇవ్వాలన్నా, పోషణ బాగుపడటానికి కొన్ని వారాలు ఆగాలన్నా, కాలేయంలో పెద్ద భాగం తీయాల్సి వచ్చినా స్టెంట్ తప్పదు.

కాలేయం బలం కొలవడం

పైకి మామూలుగా తిరుగుతున్న మనిషిలో కాలేయం సగానికి పైగా గట్టిపడి ఉండవచ్చు. దాన్నే సిర్రోసిస్ అంటారు. తాగుడు, హెపటైటిస్-బి, సి వైరస్‌లు, షుగర్‌తో ఊబకాయంతో వచ్చే కొవ్వు కాలేయం దీనికి ప్రధాన కారణాలు. ఇలాంటివారికి కాలేయానికే కాదు, హెర్నియాకో, రాళ్లకో చేసే ఆపరేషన్ కూడా ప్రమాదమే. మత్తు, రక్తస్రావం, రక్తపోటు కాసేపు తగ్గడం, వీటిని తట్టుకునే నిల్వ బలం ఆ కాలేయంలో ఉండదు.

ఈ బలాన్ని కొలవడానికి చైల్డ్-పగ్ అనే లెక్క వాడతారు. బిలిరుబిన్, కాలేయం తయారుచేసే ప్రోటీన్ అల్బుమిన్, రక్తం గడ్డకట్టే వేగం చెప్పే ఐఎన్‌ఆర్, పొట్టలో నీరు, మెదడు మీద ప్రభావం అనే ఐదింటికీ ఒకటి నుంచి మూడు మార్కులు వేస్తారు. 5, 6 వస్తే ఎ తరగతి, 7 నుంచి 9 వస్తే బి, 10 గానీ అంతకు మించి గానీ వస్తే సి. పాత అధ్యయనాల్లో కడుపు ఆపరేషన్ తర్వాత ఎ తరగతిలో నూటికి పదిమంది, బిలో ముప్ఫైమంది, సిలో ముప్పావు వంతు మంది చనిపోయారు. ఇప్పుడు ఆ అంకెలు తగ్గాయి, వాటి మధ్య తేడా మాత్రం తగ్గలేదు. సి తరగతిలో ఉన్నవారికి అత్యవసరం కాని ఆపరేషన్ చేయరు. అలాంటివారిలో కొందరికి కాలేయ మార్పిడే సరైన దారి. బిలిరుబిన్, ఐఎన్‌ఆర్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్‌తో వేసే మెల్డ్ స్కోరు మార్పిడి ఎంత తొందరగా అవసరమో చెబుతుంది. తెలుగు రాష్ట్రాల్లో మరణించిన దాతల అవయవాల కోసం జీవన్‌దాన్ అనే ప్రభుత్వ పథకంలో పేరు నమోదు చేయించుకోవాలి. సిర్రోసిస్‌ను పట్టించే ఆనవాలు మరొకటుంది. ప్లేట్‌లెట్లు లక్షకు తగ్గి, ప్లీహం పెరిగి ఉంటే కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగినట్టు. డెంగీ లేకుండా ప్లేట్‌లెట్లు ఎందుకు తగ్గాయని అడగాల్సిన చోటు అది.

కాలేయంలో కొంతభాగం కోసి తీయాల్సి వస్తే, ఎంత తీస్తున్నారన్నదాని కంటే ఎంత మిగులుతుందన్నది ముఖ్యం. ఫ్రెంచ్ సర్జన్ క్లాడ్ కూయినో 1957లో కాలేయాన్ని ఎనిమిది భాగాలుగా విడగొట్టి చూపించాడు. ఒక్కో భాగానికి రక్తం వచ్చే దారి, పైత్యరసం పోయే దారి విడివిడిగా ఉంటాయి. కాబట్టి ఒకటి తీసినా మిగతావి పనిచేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో పావు వంతు మిగిలినా చాలు, అది కొన్ని వారాల్లో పెరిగి పెద్దదవుతుంది. ఎక్కువ కీమో తీసుకున్నవారికి 30 శాతం, సిర్రోసిస్ ఉన్నవారికి 40 శాతం మిగలాలి. సీటీ స్కాన్‌లోనే కంప్యూటర్ ద్వారా ఈ ఘనపరిమాణం కొలుస్తారు. సరిపోదని తేలితే, తీసేయబోయే వైపు పోర్టల్ సిర కొమ్మను సూది ద్వారా ముందే మూసేస్తారు. జపాన్‌లో 1980లలో మకూచి వంటి సర్జన్లు అభివృద్ధి చేసిన పద్ధతి ఇది. రక్తమంతా రెండోవైపుకు మళ్లి, మిగలబోయే భాగం మూడు నుంచి ఆరు వారాల్లో పెరుగుతుంది. ఆపరేషన్ నెల వాయిదా వేశారని ఆందోళన పడే కుటుంబాలకు ఈ సంగతి వివరంగా చెప్పాలి. ఆ నెల వృథా కాదు, ఆ వాయిదాలోనే చికిత్స జరుగుతోంది.

ఒంటిని సిద్ధం చేయడం

పైత్యరసం పేగులోకి రాకపోతే ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటపట్టవు. వీటిలో కె లేకపోతే రక్తం గడ్డకట్టదు. కామెర్లతో ఉన్నవారికి ఆపరేషన్‌కు ముందు విటమిన్-కె ఇంజెక్షన్లు ఇవ్వడం అందుకే. ఒకటి రెండు రోజుల్లో ఐఎన్‌ఆర్ సర్దుకుంటే లోపం విటమిన్‌ది మాత్రమే. ఇంజెక్షన్ ఇచ్చినా మారకపోతే కాలేయమే చేతులెత్తేసిందని అర్థం. ఈ చిన్న ఇంజెక్షన్ చికిత్సగానూ పరీక్షగానూ పనిచేస్తుంది.

కామెర్లు ఉన్న ఒంట్లో కిడ్నీలు తేలిగ్గా దెబ్బతింటాయి. వాంతులతో, తిండి లేక, నీరు తగ్గి ఉన్నప్పుడు మరీను. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు మందుల షాపులో కొనుక్కుని వేసుకోకూడదు. గుండెకో, పక్షవాతానికో రక్తం పలచన చేసే మందులు వాడుతుంటే, ఏవి ఎన్ని రోజుల ముందు ఆపాలో సర్జన్, మత్తు డాక్టర్ చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. పసర్లు, చూర్ణాలు, భస్మాలు వాడి ఉంటే దాచకుండా చెప్పాలి. కొన్నింటికి కాలేయాన్ని దెబ్బతీసే గుణం ఉంది. మద్యం పూర్తిగా మానాలి. తాగుడు వల్ల వచ్చిన హెపటైటిస్ గానీ, వైరస్ హెపటైటిస్ గానీ ముదిరి ఉన్నప్పుడు, ప్రాణం మీదికొస్తే తప్ప ఆపరేషన్ వాయిదా వేస్తారు.

తిండి విషయంలో మన ఇళ్లలో జరిగే పొరపాటు ఎంతో హాని చేస్తోంది. కామెర్లు అనగానే పత్యం పేరుతో నూనె, పప్పు, గుడ్డు, మాంసం అన్నీ మానిపించి, నెలల తరబడి మజ్జిగన్నం పెడతారు. కండ కరిగిపోయి, అల్బుమిన్ పడిపోయిన మనిషి ఆపరేషన్ బల్ల మీదికి వస్తాడు. కుట్లు మానవు, ఊపిరితిత్తులకు ఇన్ఫెక్షన్ సోకుతుంది. కాలేయ జబ్బున్నవారికి రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. పెరుగు, పప్పు, గుడ్డు, చేప, ఎవరి అలవాటు వాళ్లది. కొవ్వు అరగక ఇబ్బంది పడేవాళ్లు నూనె తగ్గించుకోవచ్చు గానీ, మొత్తం తిండిని తగ్గించకూడదు. రాత్రి పడుకునే ముందు ఏదో ఒకటి తినడం కూడా సిర్రోసిస్ ఉన్నవారికి మేలు చేస్తుంది. పొట్టలో నీరుంటేనే ఉప్పు తగ్గించాలి.

సర్జన్‌ను కలిసేటప్పుడు స్కాన్ రిపోర్టు కాగితంతో పాటు సీడీ గానీ ఫిల్ములు గానీ తీసుకెళ్లాలి. రాసిన మాటల కంటే బొమ్మలు ఎక్కువ చెబుతాయి. అడ్డు రాయా, గడ్డా, ఇంకేదైనానా, అది ఎంత ఖాయం, స్టెంట్ అవసరమా, ఎందుకు, కాలేయం ఎంత మిగులుతుంది, చైల్డ్-పగ్ ఏ తరగతి అన్నవి అడగడానికి మొహమాటపడకూడదు. ఈఆర్‌సీపీలో ప్లాస్టిక్ స్టెంట్ పెట్టి ఉంటే పెట్టిన తేదీని డిశ్చార్జి కాగితం మీద చూసి గుర్తుపెట్టుకోవాలి. అది సుమారు మూడు నెలల్లో మూసుకుపోతుంది. కామెర్లు తగ్గాయి కదా అని ఆపరేషన్ మరిచిపోయి, స్టెంట్ సంగతీ మరిచిపోయి, ఏడాది తర్వాత చీముతో, దాని చుట్టూ పేరుకున్న రాళ్లతో వచ్చేవాళ్లున్నారు. స్టెంట్ ఎప్పుడు తీయాలో, ఎప్పుడు మార్చాలో, ఆలోపు చలిజ్వరం వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలో ఆస్పత్రి నుంచి బయటికి వచ్చే రోజునే రాయించుకోవాలి.